ఊహను ఊహగానే వాడుకోవడం ఎలా

2024 ఆగస్టు 31న ములుగు జిల్లాలో తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో పెనుగాలికి వేలాది చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. వాటి సంఖ్య 50 వేల దాకా ఉంటుందని తొలి లెక్కలు చెప్పాయి. మూడు నెలలు గడిచాక, డిసెంబరు 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ఆ ప్రాంతంలోనే 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. హనుమకొండ, వరంగల్, ఖమ్మం, కొత్తగూడెంతో పాటు హైదరాబాద్‌లో కూడా ప్రకంపనలు తెలిశాయి. ఆ రోజు మధ్యాహ్నం కాకముందే ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక మాట ఊరూరా పాకింది: ఆ చెట్లు ఊరికే కూలలేదు, భూమి లోపలి కదలిక అప్పుడే మొదలైంది. రెండు అరుదైన సంఘటనలు ఒకే చోట జరిగితే వాటికి ముడి వేయడం మనసు సహజంగా చేసే పని. అందులో తప్పు లేదు, శాస్త్రజ్ఞుడు కూడా అక్కడి నుంచే బయలుదేరుతాడు. అయితే ముడి వేసిన తరువాత ఆయన చేసే పనులు కొన్ని ఉన్నాయి, మనం సాధారణంగా వాటిని వదిలేస్తాం. ఆ పనులను పత్రిక చదివేటప్పుడు, బోరు వేయించేటప్పుడు, పంట అమ్మేటప్పుడు ఎలా చేసుకోవచ్చో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా విడదీయాలి

ఏ సంగతి విన్నా దానిలోని మాటలను మూడు కుప్పలుగా పెట్టుకోవాలి. కొలిచినవి లేదా కళ్లతో చూసినవి ఒక కుప్ప, ఫలానా వారు చెప్పారని పేరుతో ఉన్నవి రెండో కుప్ప, ఈ రెంటినీ కలపడానికి ఎవరో మధ్యలో వేసిన ముడులు మూడో కుప్ప. ములుగు ఉదంతంలో చెట్లు కూలడం చూసిన సంగతి. భూకంప తీవ్రత, సమయం, భూమి లోపల 40 కిలోమీటర్ల లోతు పరికరాలు చెప్పిన సంగతులు. ఒకటి రెండోదానికి సూచన అన్నది మూడో కుప్పలోది, అంటే ఊహ. కుప్పలు వేరైతే వాదన కూడా సగం తగ్గుతుంది, ఎందుకంటే చెట్లు కూలాయా లేదా అన్నదాని మీద తగవు లేదు, తగవంతా ముడి మీదే.

తరువాత ఆ ముడిని ఒక ప్రశ్న అడగాలి. ఇది నిజమే అయితే ఇంకా ఏం కనిపించి ఉండాలి? భూమి కదిలి చెట్లు పడ్డాయనుకుంటే, ఆ రోజే చుట్టుపక్కల ఊళ్లలో గోడలు బీటలు వారాలి, అల్మారాలో గిన్నెలు మోగాలి, భూకంపాన్ని నమోదు చేసే పరికరాలు పలకాలి. ఆగస్టు 31న ఇవేవీ వార్తల్లోకి రాలేదు. ఇక రెండో వైపు నుంచి కూడా చూడాలి. ఈ ముడి లేకుండానే రెండు సంఘటనలకూ కారణం దొరుకుతుందా? గోదావరి లోయ భూగర్భంలో పాత పగుళ్లు ఉన్న ప్రాంతం. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. అంటే ఇక్కడ భూమి కంపించడానికి అడవి ముందుగా సూచన ఇవ్వనక్కర్లేదు. చెట్లు కూలడానికి గాలి చాలు. ముడి అవసరమే లేనప్పుడు దాన్ని పట్టుకుని వేలాడడం దేనికి?

ఓడిపోగల ఊహే పనికొచ్చే ఊహ

ఊహలను తూచడానికి నేను అన్నిటికన్నా ముందు వాడే రాయి ఇది. ఏం జరిగితే ఈ ఊహ తప్పని ఒప్పుకోవాలో ముందే చెప్పారా? చెప్పకపోతే అది ఎప్పటికీ ఓడదు, ఎప్పటికీ ఓడనిదాని వల్ల మనకు తెలిసేదీ ఏమీ ఉండదు. 2025 ఏప్రిల్‌లో రామగుండం పరిసరాల్లో భూకంపం రావచ్చని, దాని ప్రభావం హైదరాబాద్, అమరావతి దాకా ఉండవచ్చని ఒక జోస్యం సోషల్ మీడియాలో తిరిగింది. భూకంపాన్ని ముందే చెప్పామని ఎవరైనా అంటే మూడు వివరాలు కావాలి: ఏ తేదీల మధ్య, ఏ హద్దుల లోపల, ఎంత తీవ్రతతో. ఈ మూడింటినీ బిగించి చెప్పి పెద్ద భూకంపాన్ని సరిగ్గా పట్టుకున్న శాస్త్రజ్ఞులు ప్రపంచంలో ఇంతవరకు లేరు. ఆ ఏప్రిల్ ఏ ప్రమాదం లేకుండానే గడిచింది. మే 5న సాయంత్రం కరీంనగర్, నిర్మల్ వైపు స్వల్ప ప్రకంపనలు వచ్చాయి, తీవ్రత 4 కూడా లేదు. ‘చూశారా, చెప్పినట్టే వచ్చింది’ అనడానికి అది చాలు. తేదీ జారింది, స్థలం జరిగింది, తీవ్రత పడిపోయింది, అయినా గెలిచినట్టే లెక్క వేస్తారు. జాతకం చెప్పేవారి దగ్గర మనకు బాగా అలవాటైన ఏర్పాటే ఇది. ఎవరైనా జోస్యం చెబితే మొదటి రోజే మూడు వివరాలూ కాగితం మీద రాసుకోవాలి. ఏదో ఒకటి జరిగిన తరువాత రాసుకుంటే ఆ కాగితానికి విలువ లేదు.

పత్రికలో వాక్యం చివర చూడండి

తెలుగు పత్రికలు ఊహను దాచవు. వాక్యం చివరి మాటలోనే చెప్పేస్తాయి, మనమే గబగబా చదివి దాటేస్తాం. జిల్లా పేజీలో రోజూ కనిపించే తరహా వార్తను తీసుకుందాం. ‘జాతీయ రహదారిపై ఆగి ఉన్న లారీని కారు వెనుక నుంచి ఢీకొన్న ఘటనలో ఇద్దరు మృతి చెందారు. డ్రైవర్ నిద్రమత్తే ప్రమాదానికి కారణమని తెలుస్తోంది.’ మొదటి వాక్యం పోలీసులు చూసినది, డాక్టర్లు ధ్రువీకరించినది. రెండో వాక్యంలో ‘తెలుస్తోంది’ అన్నారు గాని ఎవరికి తెలుస్తోందో, ఎలా తెలుస్తోందో లేదు. డ్రైవర్ కూడా చనిపోయి ఉంటే అతడు నిద్రపోయాడని చూసి చెప్పగలవారే ఉండరు. తెల్లవారుజాము, రోడ్డు మీద బ్రేకు మరకలు లేకపోవడం, ఈ రెంటి నుంచి ఎవరో చేసిన ఊహ అది. నిజం కావచ్చు. కాని లారీకి వెనుక లైట్లు ఉన్నాయా, రేడియం స్టిక్కర్లు ఉన్నాయా, రోడ్డు అంచు వదిలి ఎంత లోపలికి నిలిపారు అన్న ప్రశ్నలు ఆ ఒక్క ‘తెలుస్తోంది’తో మూతపడతాయి. తప్పు చనిపోయినవాడి మీదకు పోతుంది.

కాబట్టి చదివేటప్పుడు క్రియల కింద మనసులోనే గీత గీయడం అలవాటు చేసుకోవాలి. ‘అన్నారు’ అంటే బాధ్యత వహించే మనిషి ఒకరు ఉన్నారు. ‘ప్రాథమికంగా నిర్ధారించారు’ అంటే దర్యాప్తు ఇంకా ఉంది. ‘అనుమానిస్తున్నారు’, ‘భావిస్తున్నారు’ అన్నచోట కర్త ఉన్నాడో లేడో చూడాలి. ‘విశ్వసనీయ సమాచారం’, ‘చర్చ జరుగుతోంది’ అన్నవి కర్త పేరు చెప్పని వాక్యాలు, వాటి మీద ఏ నిర్ణయమూ పెట్టుకోకూడదు. టీవీ స్క్రోలింగులో వాక్యం చివర ప్రశ్నార్థకం ఉంటే ఆ వార్త ఇంకా పుట్టలేదనే అనుకోవచ్చు. వాక్యం అందంగా ఉండడం వేరు, ఆధారం ఉండడం వేరు. మూడు రోజుల తరువాత అదే వార్త కొనసాగింపును వెతికి చదవడం మరీ మంచి అలవాటు, ఎందుకంటే మొదటి రోజు ఊహ మొదటి పేజీలో వస్తే, దాని దిద్దుబాటు లోపలి పేజీలో నాలుగు లైన్లలో వస్తుంది.

వార్తలో ఊహ లేకపోయినా మనం ఊహను చేర్చుకునే సందర్భం ఇంకొకటి ఉంది. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్లో పొద్దున జెండా పాట (వేలం) జరిగాక, మిర్చికో పత్తికో పలికిన ఆ రోజు గరిష్ఠ ధర వార్త అవుతుంది. ఆ అంకె నిజమే, కాని అది మేలిరకం సరుకుకు, కొద్ది బస్తాలకు పలికిన ధర. ఇంట్లో ఉన్న రైతు ఆ అంకెను తన బస్తాల సంఖ్యతో గుణించుకుంటాడు. ఆ గుణకారమే ఊహ, అది వార్తలో లేదు. మార్కెట్ రోజువారీ వివరాల్లో కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర అని మూడు అంకెలు ఉంటాయి. ఎక్కువ సరుకు ఏ ధర దగ్గర అమ్ముడైందో మూడోది చెబుతుంది. తన సరుకు మేలిరకం అని నమ్మకంగా తెలిసినవాడు తప్ప మిగిలిన అందరూ మూడో అంకె దగ్గరే లెక్క మొదలుపెట్టాలి.

ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 2023 నవంబరు 30న తెలంగాణలో పోలింగ్ ముగిశాక ఎక్కువ సంస్థలు కాంగ్రెస్‌కు ఆధిక్యం చూపాయి, 119 స్థానాల్లో 64 వచ్చాయి, అంచనా నిలిచింది. 2024 జూన్ 1న లోక్‌సభకు చాలా సంస్థలు ఎన్డీయేకు 350కి పైగా స్థానాలు చెప్పాయి, 293 వచ్చాయి. ఓట్ల శాతాన్ని ఊహించడం ఒక మెట్టు, దాన్ని సీట్లుగా మార్చడం ఇంకో మెట్టు, పొరపాటు ఎక్కువగా రెండో మెట్టు మీద జరుగుతుంది. ఎంతమందిని అడిగారు, ఎలా ఎంచుకున్నారు అన్నది చెప్పని అంకెను సరదాగా చూసి వదిలేయవచ్చు.

వాతావరణ శాఖ మాటలకు కొలతలు ఉన్నాయి

ఊహను బాధ్యతగా ఎలా చెప్పాలో నేర్చుకోవాలంటే వాతావరణ శాఖ బులెటిన్ చదవడం కన్నా మంచి బడి లేదు. మనవాళ్లు దాన్ని ఎగతాళి చేస్తారు గాని, అందులో ప్రతి మాట వెనుక ఒక కొలత ఉంటుంది. ‘అక్కడక్కడ’ అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడుతుందని అర్థం. ‘కొన్ని చోట్ల’ అంటే 26 నుంచి 50 శాతం, ‘చాలా చోట్ల’ అంటే 51 నుంచి 75 శాతం, ఆపైన ‘దాదాపు అన్ని చోట్ల’. అలాగే ‘భారీ వర్షం’ అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 దాకా, ‘అతి భారీ’ అంటే 204.4 దాకా, ‘అత్యంత భారీ’ అంటే ఆ పైన. ‘వరంగల్ జిల్లాలో అక్కడక్కడ భారీ వర్షాలు’ అని చదివి, నర్సంపేటలో చినుకు పడలేదు కాబట్టి బులెటిన్ తప్పని తేల్చేవారు, అందులో లేని మాటను చదువుతున్నారు. నాలుగింట మూడు చోట్ల పడకపోయినా ఆ వాక్యం తప్పు కాదు.

ఈ పద్ధతికి హద్దు కూడా ఉంది. 2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అంతకు ముందు తెలంగాణ రికార్డు 2013లో వాజేడులో నమోదైన 517.5. అదే రోజు భూపాలపల్లి జిల్లాలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగింది, జనం మిద్దెల మీదకు ఎక్కారు. ‘అత్యంత భారీ’ అన్న వర్గం 204.4 దగ్గర మొదలవుతుంది, పైన దానికి కప్పు లేదు. హెచ్చరికలోని మాట 210కీ అదే, 650కీ అదే. కాబట్టి వాగు పక్కన ఇల్లు ఉన్నవారు ‘ఇంతకు ముందు ఎప్పుడూ ఇంతవరకు రాలేదు’ అన్న లెక్క మీద ఆధారపడకూడదు. పాత రికార్డు అంటే ఇప్పటిదాకా జరిగిన గరిష్ఠం, ఇకపై జరగబోయే గరిష్ఠం ఎంతో అది చెప్పదు.

శాస్త్రంలో ఊహ చేసే పని

ఈ విషయంలో మనకు దగ్గరి ఉదాహరణ సికింద్రాబాద్‌లో ఉంది. మలేరియాకు దోమతో సంబంధం ఉండవచ్చని 1894లో బ్రిటిష్ వైద్యుడు పాట్రిక్ మాన్సన్ ఊహించాడు. అయితే ఆయన ఊహలో సగమే సరైనది. రోగి రక్తం పీల్చిన దోమ నీటిలో చచ్చి, ఆ నీరు తాగినవారికి జ్వరం వస్తుందని ఆయన అనుకున్నాడు. సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ భారతదేశానికి వచ్చి, అలాంటి నీటిని మనుషుల చేత తాగించి కూడా చూశాడు. ఆశించినట్టు తేలలేదు. దొరికిన దోమలనల్లా కోసి సూక్ష్మదర్శిని కింద వెతికాడు, అందులో ఎక్కువ భాగం మలేరియాతో సంబంధం లేని జాతులు. రెండేళ్ల శ్రమ తరువాత, రెక్కల మీద మచ్చలున్న వేరే రకం దోమలు దొరికాయి. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతడికి ఇచ్చి, ఆ దోమలను పెంచాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో అలాంటి ఒక దోమ పొట్ట గోడలో నల్లని రంగు రేణువులున్న కణాలను చూశాడు, అవి మలేరియా క్రిమివే. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేస్తూ, ఆ క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని, కాటు ద్వారానే వ్యాపిస్తుందని నిరూపించాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ పద్ధతిపరంగా గమనించవలసినది, మాన్సన్ ఊహ తప్పుతో కూడినదైనా ఎక్కడ వెతకాలో చెప్పింది. ఊహ లేకపోతే రాస్ దోమ పొట్టను కోసి చూసేవాడే కాదు, ఎందుకంటే లోకంలో కోసి చూడదగినవి లక్షల వస్తువులు ఉన్నాయి. కాని ఊహలో ‘దోమ’ అన్న భాగాన్ని ఉంచుకుని ‘తాగే నీరు’ అన్న భాగాన్ని వదిలేయగలిగాడు. మన ఇళ్లలో జరిగే వాదనల్లో ఊహను ముద్దగా పట్టుకుంటాం, మొత్తంగా నెగ్గాలి లేదా మొత్తంగా ఓడాలి. దాన్ని భాగాలుగా విప్పి, ఒక్కో భాగాన్ని విడిగా పరీక్షకు పెట్టడం ఈ ఉదంతం నుంచి నేరుగా తీసుకోగల పద్ధతి.

ఒకసారి నెగ్గిన ఊహ మీద మమకారం పెరగడం ఇంకో సంగతి. ఫ్రాన్స్‌కు చెందిన ఖగోళ గణిత శాస్త్రవేత్త లెవెర్రియే, యురేనస్ నడకలోని తేడాకు కారణం కనిపించని మరో గ్రహం అని ఊహించి, అది ఎక్కడ ఉండాలో లెక్కగట్టాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో ఖగోళ శాస్త్రవేత్త గాలె దుర్భిణి తిప్పితే, లెక్కకు ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ కనిపించింది. తరువాత బుధగ్రహం నడకలోనూ చిన్న తేడా ఉందని తేలినప్పుడు ఆయన అదే తాళంచెవి వాడాడు. 1859లో సూర్యుడికి దగ్గరగా ఇంకేదో ఉండాలన్నాడు, దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు, చూశామన్నవారు కూడా వచ్చారు. గ్రహణం గ్రహణానికీ వెతికారు. 1877లో ఆయన చనిపోయేదాకా ఆ నమ్మకం వదల్లేదు. 1915లో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వ సిద్ధాంతం, శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్ల (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను) ఆ తేడాను ఏ కొత్త గ్రహమూ లేకుండానే లెక్కలోకి తెచ్చింది. మనిషి ఒక్కడే, పద్ధతి ఒక్కటే, ఒక ఊహ నిలిచింది, ఇంకొకటి కూలింది. కిందటిసారి సరిగ్గా చెప్పాడు కదా అన్నది ఈసారి ఊహకు సాక్ష్యం కాదు. ఒక ఎన్నికను సరిగ్గా చెప్పిన విశ్లేషకుడి వెనుక పరుగెత్తే ముందు దీన్ని గుర్తుంచుకోవడం మంచిది.

సొంతంగా అంచనా వేయడం

అంకె తెలియనప్పుడు నోరు మూసుకోవడమో, నోటికొచ్చినంత చెప్పడమో కాకుండా మధ్యదారి ఉంది. పెద్ద ప్రశ్నను తెలిసిన చిన్న ప్రశ్నలుగా విరచాలి. 1945 జులై 16న మొదటి అణుబాంబు పరీక్ష జరిగినప్పుడు భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ చేతిలోంచి కాగితం ముక్కలు వదిలి, పేలుడు గాలికి అవి ఎంత దూరం జరిగాయో చూసి, 10 వేల టన్నుల టీఎన్‌టీ అనే పేలుడు పదార్థానికి సమానం అన్నాడు. తరువాతి కొలతలు 20 వేల టన్నులకు పైగా తేల్చాయి. కాగితం ముక్కలతో వేసిన అంచనా రెండు మూడు రెట్ల తేడాలోపు ఉండడం గొప్పే.

మేడారం జాతరకు కోటి మంది వస్తారన్న మాటను ఇలా పరీక్షించవచ్చు. 1960లలో అమెరికాలో జర్నలిజం బోధించిన హెర్బర్ట్ జేకబ్స్ జనాన్ని లెక్కించడానికి ఒక కొలత ఇచ్చాడు: పల్చగా ఉంటే మనిషికి 10 చదరపు అడుగులు, ఒత్తుగా ఉంటే 4.5. ఎకరం 43,560 చదరపు అడుగులు. ఒత్తుగా నిలబడితే ఎకరానికి 9,680 మంది, పల్చగా అయితే 4,356 మంది. కోటి మంది ఒకేసారి ఒత్తుగా నిలబడాలంటే వెయ్యి ఎకరాలకు పైగా, పల్చగా అయితే దాదాపు 2,300 ఎకరాలు కావాలి. కాని జాతర నాలుగు రోజులు. ఒక్కొక్కరు సగటున ఒక రోజే ఉంటారనుకుంటే ఏ సమయానికైనా 25 లక్షల మంది, వారికి 260 నుంచి 575 ఎకరాలు. గద్దెల ప్రాంగణం, జంపన్న వాగు ఒడ్డు, చుట్టూ పొలాల్లో గుడారాలు కలిపి చూస్తే ఇది అసాధ్యమైన అంకె కాదు. ఇంకో దారిలోనూ సరిచూడాలి. 2024 జాతరకు ఆర్టీసీ 6 వేల ప్రత్యేక బస్సులు ప్రకటించింది. బస్సుకు 55 మంది చొప్పున ఒక విడతలో 3 లక్షల 30 వేలు. ఒక్కో బస్సు జాతర మొత్తం మీద ఆరు విడతలు జనాన్ని తెచ్చిందనుకుంటే 20 లక్షలు. మిగతా 80 లక్షలు కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు, కాలినడకన రావాలి. ఇక్కడే అంచనా బలహీనంగా ఉంది, ఎందుకంటే ఆ వాహనాలను లెక్కించే మనిషి మన దగ్గర లేడు. ‘50 లక్షలకు తక్కువ కాదు, కోటిన్నరకు మించదు’ అని చెప్పడం నిజాయితీగల జవాబు. అలాగే ముందుగా వచ్చి వెళ్లినవారిని కలిపారా, నాలుగు రోజులనే లెక్కించారా అని అడగకుండా రెండు జాతరల అంకెలను పోల్చకూడదు.

బోరు పాయింట్ దగ్గర

జనగామ వైపు రాతి నేలల్లో బోరు వేయించే ముందు, నీళ్లున్న చోటు చూపమని వేప పంగ కర్ర పట్టుకునే మనిషినో, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టే మనిషినో పిలవడం మామూలే. ‘ఆయన చూపిన చోట పదింట ఏడు పడ్డయి’ అని చెబుతారు. ఆ మాట నిజమే అనుకుందాం. అడగవలసిన రెండో ప్రశ్న, ఆయన్ను పిలవకుండా అదే ఊళ్లో వేసిన బోర్లు పదింట ఎన్ని పడ్డాయి? అక్కడా ఏడే అయితే పంగకు ఇచ్చిన డబ్బు దండగ. అక్కడ నాలుగే అయితే ఆయన దగ్గర ఏదో ఉంది. అప్పుడు కూడా అది కర్రలో ఉండకపోవచ్చు, నేల వాలు, చెలక అంచున చెట్ల పచ్చదనం, పాత బావుల వరస చూసి చూసి అలవాటైన ఆయన కంట్లో ఉండవచ్చు. ఊరి మొత్తం లెక్క ముందు, మన పొలం ప్రత్యేకత తరువాత. ఈ వరస తిరగబడితే ఎంత తెలివైనవాడైనా దారి తప్పుతాడు. పడ్డ బోరు ముందు కొబ్బరికాయ కొట్టి ఊరంతా చెప్పుకుంటారు, ఎండిపోయిన బోరు మీద రాయి పెట్టి ఊరుకుంటారు. కాబట్టి ఎండినవాటి లెక్క మనమే వెళ్లి అడిగి తెచ్చుకోవాలి.

ఏ మనిషి ఊహను నమ్మవచ్చు అన్నదానికి నా కొలత ఒకటే: తన ఊహ తప్పో ఒప్పో ఆయనకు వెంటనే తెలుస్తుందా? ఎనుమాములలో పత్తి కొనేవాడు బండిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, లోపలి పత్తిని పిడికిట్లో గట్టిగా నొక్కి వదులుతాడు. ఆరిన పత్తి పూవులా విచ్చుకుంటుంది, తేమ ఉన్నది ముద్దలాగే ఉండిపోతుంది. అంకె చెప్పేస్తాడు, మరుక్షణం తేమ యంత్రం ముల్లు గుచ్చుతారు. పత్తికి 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే మద్దతు ధరకు తీసుకోరు. సీజన్ అంతా రోజూ ఇలా సరిచూసుకునే చెయ్యి తప్పడం అరుదు. వడ్లను పంటి కింద కొరికి ‘టక్’మన్న చప్పుడును బట్టి 17 శాతం లోపు ఉందో లేదో చెప్పే రైతు కూడా అంతే. దీనికి భిన్నంగా, పదేళ్ల తరువాత భూముల ధరలు ఎలా ఉంటాయో చెప్పే రియల్ ఎస్టేట్ ఏజెంటుకు తన మాట నిలిచిందో లేదో చూసుకోవలసిన అవసరమే రాదు. ఆయన గొంతులో ధైర్యం ఎంత ఉన్నా, ఆ ఊహకు సాధన లేదు.

ఊహతో సరిపెట్టుకోకూడని చోట్లు

తప్పితే నష్టం ఎంత అన్నదాన్ని బట్టి ఊహకు హద్దు గీయాలి. వానాకాలం జ్వరాన్ని ‘వైరలే’ అనుకుని మూడు రోజులు ఊరుకోవడం ఏజెన్సీ గ్రామాల్లో ఏటా జరిగేదే. మలేరియాకు రక్తపరీక్ష ఉంది. డెంగీకి మొదటి రోజుల్లో ఎన్‌ఎస్1, సుమారు ఐదు రోజుల తరువాత ఐజీఎం పరీక్షలు ఉన్నాయి. పరీక్ష అందుబాటులో ఉన్నప్పుడు ఊహించడం సోమరితనమే. రెండో చోటు, ఊహ వల్ల ఎదుటి మనిషికి హాని జరిగేది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న వాట్సాప్ మెసేజీలు నిజామాబాద్‌తో సహా తెలంగాణలోని అనేక జిల్లాల్లో తిరిగాయి, కొత్తగా కనిపించిన మనుషులను కొట్టారు, ప్రాణాలు పోయాయి. ఆ రాత్రుల్లో కర్రలు పట్టుకున్నవారిలో చాలామంది పిల్లల మీద ప్రేమతోనే వచ్చారు. అలాంటి మెసేజ్ వస్తే దాన్ని పంపినవారికే ఫోన్ చేసి, ఏ ఊరు, ఏ రోజు, ఎవరి పిల్లవాడు అని అడగాలి. జవాబు ‘మా గ్రూపులో వచ్చింది’ అయితే అది అక్కడితో ఆగిపోవాలి, 100కు ఫోన్ చేసి పోలీసులకు చెప్పాలి.

రాసుకోవడం, లెక్క కట్టుకోవడం

చివరిది, అన్నిటికన్నా బద్ధకం పుట్టించేది. ఒక చిన్న నోటుబుక్కులో ఊహను రాసుకోవాలి: ఏం జరుగుతుంది, ఏ తేదీ లోపు, ఎంత శాతం నమ్మకంతో. ‘మిర్చి ధర పెరగొచ్చు’ అని రాస్తే లాభం లేదు. ‘మార్చి 31 లోపు ఎనుమాములలో తేజ రకం మోడల్ ధర ఈ రోజు కన్నా రెండు వేలు పెరుగుతుంది, 70 శాతం’ అని రాయాలి. గడువు రాగానే మార్కు వేసుకోవాలి. 1950లో అమెరికా వాతావరణ శాఖలో పనిచేసిన గ్లెన్ బ్రయర్ ఇచ్చిన పద్ధతి సులువైనది. 70 శాతాన్ని 0.7గా రాసుకుని, జరిగితే 1 నుంచి, జరగకపోతే 0 నుంచి దాని దూరాన్ని వర్గం చేయాలి. జరిగితే 0.09, జరగకపోతే 0.49. మార్కు ఎంత తక్కువైతే అంత మంచిది. అన్నిటికీ కళ్లు మూసుకుని 50 శాతం అనేవాడికి ఎప్పుడూ 0.25 వస్తుంది. మన సగటు దానికన్నా ఎక్కువగా ఉంటే, మన ఊహల కన్నా అన్నిటికీ 50 శాతం అని రాసుకోవడమే మేలని అర్థం.

ఇరవై ముప్పై ఊహలు పోగయ్యాక ‘70’ అని రాసినవన్నీ ఒక చోట చేర్చి, వాటిలో నిజంగా ఎన్ని జరిగాయో చూడాలి. పదింట ఏడు జరిగితే చెయ్యి కుదిరినట్టే. చాలామందికి ఐదో ఆరో వస్తాయి, ముఖ్యంగా తమ సొంత పంట, సొంత పార్టీ, సొంత పిల్లల ర్యాంకుల విషయంలో. ఒకరి ‘80 శాతం’ నిజానికి 60 మాత్రమే అని పుస్తకం చెబితే, వచ్చే సీజన్‌లో కోల్డ్ స్టోరేజీలో ఎన్ని బస్తాలు ఆపాలో, ఎన్ని కల్లం దగ్గరే అమ్మాలో ఆ 60తోనే లెక్క వేసుకోవాలి.